మందులు వాడినా గొంతులు ఆగకపోతే... పాఠకుల ప్రశ్నలు, జవాబులు

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు ఏళ్ల తరబడి మందులు వాడుతున్నా చెవిలో మాటలు (ఎవరూ లేకున్నా వినిపించే గొంతులు), అనుమానాలు తగ్గనివారి గురించి ఈమధ్య ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. దాదాపు అందరూ అడుగుతున్నది ఒకటే: మాటల చికిత్స పనికొస్తుందా, వస్తే ఎంతవరకు? పేర్లు, ఆనవాళ్లు తీసేసి కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. వీటిని తిరుపతిలో పనిచేస్తున్న ఒక మనోరోగ వైద్యురాలు, ఒక క్లినికల్ సైకాలజిస్టు కలిసి రాశారు.

ప్రశ్న: మా అబ్బాయికి 27 ఏళ్లు. ఆరేళ్లుగా ఈ జబ్బు. మూడు మందులు మార్చారు. ఇప్పటికీ మూలన కూర్చుని ఎవరితోనో మాట్లాడతాడు, ఉన్నట్టుండి చెవులు మూసుకుంటాడు. "మందులకు లొంగడం లేదమ్మా" అన్నారు డాక్టరు. బంధువులు కౌన్సెలింగ్ ఇప్పించమంటున్నారు. మందులతో పోనిది మాటలతో పోతుందా?
– ఒక తల్లి, పాకాల

జవాబు: అమ్మా, "లొంగడం లేదు" అనడానికి వైద్యంలో ఒక లెక్క ఉంది. ముందు అది తేల్చుకుందాం. రెండు వేర్వేరు మందులు, ఒక్కొక్కటి సరిపడా మోతాదులో, కనీసం ఆరేసి వారాలు, నిజంగా కడుపులోకి వెళ్లినా జబ్బు చెప్పుకోదగ్గట్టు తగ్గకపోతేనే ఆ మాట అంటాం. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఇంచుమించు మూడో వంతు మంది పరిస్థితి ఇదే. ఇందులో మీ పెంపకం లోపం ఏమీ లేదు.

"నిజంగా కడుపులోకి వెళ్లినా" అని ఎందుకన్నామంటే, చాలాసార్లు తేడా అక్కడే వస్తుంది. మాత్ర నాలుక కింద దాచుకుని పెరట్లో ఉమ్మేసేవాళ్లున్నారు. కాస్త నెమ్మదించగానే మానేసేవాళ్లున్నారు. మత్తుగా పడుంటున్నాడని ఇంట్లోవాళ్లే మాత్ర సగం చేసి ఇస్తుంటారు. ఇంకో పక్క గంజాయి నడుస్తుంటుంది. ఇవన్నీ పైకి మందు పనిచేయనట్టే కనిపిస్తాయి.

ఒక తెల్లకాగితం తీసుకుని గళ్లు గీయండి. మందు పేరు, రోజుకు ఎన్ని మిల్లీగ్రాముల దాకా పెంచారు, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఎవరి చేతి మీదుగా వేశారు, ఏం తగ్గింది, ఏం ఇబ్బంది వచ్చింది. పాత చీటీలు, మందుల షాపు బిల్లులు ముందేసుకుంటే ఒక పూటలో అయిపోతుంది. రిస్పెరిడోన్ 2 మిల్లీగ్రాముల దగ్గరే ఆపి, నెల తిరక్కుండా మార్చేసి ఉంటే అది లెక్కలోకి రాదు. మాత్రలు సరిగా వేసుకున్నాడా అని అనుమానం ఉంటే, రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్ పెట్టి కొన్ని నెలలు చూడమని డాక్టరును అడగండి.

లెక్క చూశాక కూడా "లొంగడం లేదు" అనే తేలితే, తర్వాతి మెట్టు క్లోజపిన్ అనే మందు. వేరే మందులకు తగ్గనివారి మీద అమెరికాలో చేసిన పరిశీలన ఫలితాలు 1988లో వచ్చాయి. ఆరు వారాల్లో క్లోజపిన్‌తో నూటికి 30 మంది మెరుగుపడితే, పాత మందు క్లోర్‌ప్రోమజీన్‌తో మెరుగుపడింది నలుగురే. ఆరేళ్లైనా మీ అబ్బాయికి ఈ మందు పేరే ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి.

మాటల చికిత్స ఈ మందుకు తోడుగా నడవాలి. గొంతు పూర్తిగా ఆగిపోతుందని మేము మాట ఇవ్వలేం. గొంతు ఉన్నా అది చెప్పినట్టల్లా ఆడక్కర్లేదని అబ్బాయికి అనుభవంలోకి రావచ్చు. చెవులు మూసుకుని మూలన కూర్చునేవాడు లేచి వీధి చివరి దాకా వెళ్లి రావచ్చు. ఆ మేరకు మాటలు పనిచేస్తాయి. ఆరేళ్లు మూలన గడిపినవాడి బతుకులో అది చాలా పెద్ద మార్పు.

ప్రశ్న: మా తమ్ముడికి క్లోజపిన్ మొదలుపెట్టారు. వారం వారం రక్తపరీక్ష అనేసరికి ఇంట్లో భయపడుతున్నారు. ఆ మందు మానేసి కౌన్సెలింగ్ ఒక్కటే చేయిస్తే చాలదా? ఇంకో సంగతి, వాడు రోజుకు రెండు కట్టలు బీడీలు తాగుతాడు. ఈసారి అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నాడు.
– ఒక అన్న, శ్రీకాళహస్తి

జవాబు: చాలదు. మందు ఆపి మాటలొక్కటే నమ్ముకోవద్దు.

రక్తపరీక్ష ఎందుకంటే, నూటికి ఒకరికన్నా తక్కువ మందిలో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఎక్కువగా మొదటి 18 వారాల్లోనే ఇది జరుగుతుంది. అందుకే ఆ 18 వారాలు వారానికోసారి, తర్వాత ఏడాది నిండేదాకా రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి చూడటం ఒక పద్ధతి. మీ డాక్టరు ఎలా రాస్తే అలా చేయించండి. మధ్యలో జ్వరమో గొంతునొప్పో వస్తే మామూలు జలుబే అనుకోకుండా అదే రోజు రక్తం చూపించాలి. మొదటి రెండు నెలల్లో ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

జనం తేలిగ్గా తీసుకునేది మలబద్ధకాన్ని. క్లోజపిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. రెండు రోజులు విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పండి. కడుపు ఉబ్బి, నొప్పి, వాంతులు ఉంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. 48 గంటలకు మించి మాత్రలు తప్పితే, పాత మోతాదు ఒకేసారి వేయకూడదు. మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి. అది డాక్టరు చేయాల్సిన పని.

ఇక మాల సంగతి. ఇది రాసి మంచిపని చేశారు, చాలామంది చెప్పరు. బీడీ పొగలోని రసాయనాల వల్ల కాలేయం క్లోజపిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. మాల వేసుకుని ఒక్కసారిగా బీడీలు మానేస్తే, అవే మాత్రలకు వారం రోజుల్లోనే రక్తంలో మందు బాగా పెరుగుతుంది. విపరీతమైన మగత, నోటి వెంట చొంగ, తూలిపోవడం, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. దీక్ష ముగించి మళ్లీ బీడీ పట్టుకుంటే మందు పడిపోతుంది, గొంతులు తిరగబెడతాయి. కాబట్టి మాల వేసుకోవడానికి పది రోజుల ముందే డాక్టరును కలిసి, మోతాదు ఎప్పుడు ఎంత తగ్గించాలో రాయించుకోండి. ప్రయాణంలో మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. ఆ 41 రోజుల తర్వాత బీడీ జోలికి వెళ్లకుండా ఉండగలిగితే మరీ మంచిది, కొత్త మోతాదే స్థిరపడుతుంది.

ప్రశ్న: నా వయసు 34. నాలుగేళ్లుగా క్లోజపిన్ వాడుతున్నాను. అనుమానాలు చాలావరకు తగ్గాయి. కానీ సాయంత్రం అయితే ఒక మగ గొంతు వచ్చి తిడుతుంది. సీబీటీ చేయించుకోమన్నారు. లోపల ఏం చేస్తారో తెలియకుండా ఆ గదిలోకి వెళ్లడానికి భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) ఒక మాటల చికిత్స. అంటే ఆలోచన, భయం, చేసే పని ఈ మూడింటికీ ఉన్న ముడిని మీరూ సైకాలజిస్టూ కలిసి పరిశీలించడం. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల ప్రకారం స్కిజోఫ్రీనియాకు ఒక్కొక్కరితో విడిగా కనీసం 16 సెషన్లు ఉండాలి. మందులకు లొంగని గొంతులకు తొమ్మిది నెలల దాకా పట్టొచ్చు. సాధారణంగా వారానికోసారి, 45 నిమిషాల నుంచి గంట. అంతసేపు కూర్చోలేకపోతే మొహమాటపడకండి, 20 నిమిషాలు చాలని చెప్పండి. వరండాలో నడుస్తూ కూడా మాట్లాడుకోవచ్చు.

మొదటి మూడు నాలుగు వారాలు వినడమే ఎక్కువ. గొంతు ఒకటేనా? తెలిసినవాళ్లదా? తల లోపలి నుంచా, బయటి నుంచా? ఏ భాషలో, ఏ మాటలతో తిడుతుంది? యథాతథంగా చెప్పమంటారు. బూతులైనా సరే చెప్పండి. ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది: ఆ గొంతుకు ఎంత శక్తి ఉందని మీ నమ్మకం? దాని మాట కాదంటే ఏమవుతుంది? ఛాడ్విక్, బర్చ్‌వుడ్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1994లోనే ఈ సంగతి రాశారు. గొంతు సర్వశక్తిమంతమైనదని మనిషి ఎంత నమ్మితే అంత నలిగిపోతాడు. అందుకే చికిత్స గురి గొంతు శబ్దం మీద కన్నా ఆ నమ్మకం మీద ఉంటుంది.

ఒక చీటీ రాయమంటారు. ఇలా ఉంటుంది: "సాయంత్రం 6.30. మేడ మీద, ఒంటరిగా. మాట: 'నువ్వు దండగ'. గట్టితనం పదికి 7. నేను చేసింది: కిందికొచ్చి అమ్మతో మాట్లాడాను. పావుగంటకు 4." రెండు వారాల చీటీలు పక్కపక్కన పెడితే దారి కనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడా, ఆకలి మీదా, నిద్ర చాలని మర్నాడా, ఎవరితోనైనా మాట పడ్డాకా అన్నది తేలిపోతుంది. మీకు సాయంత్రాలే వస్తుందంటున్నారు కాబట్టి, ఐదు నుంచి ఏడు మధ్య మీ రోజు ఎలా ఉంటోందో ముందు చూస్తారు.

తర్వాత ఉపాయాలు. ఒక్కో ఉపాయాన్ని మూడేసి రోజులు ప్రయత్నించి మార్కులు వేసుకోవాలి. పైకి చదవడం, పాట కూనిరాగం తీయడం, ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం, ఎదురుగా కనబడే వస్తువుల పేర్లు వరుసగా అనడం. నోరు, నాలుక పనిలో ఉంటే కొందరికి గొంతు పలచబడుతుంది. అందుకే విష్ణు సహస్రనామం చదివే అలవాటుంటే మనసులో కాకుండా పెదవి కదిలేలా చదవండి. వీధిలో ఉండగా గొంతుకు జవాబు చెప్పాలనిపిస్తే, ఫోను చెవి దగ్గర పెట్టుకుని "ఇప్పుడు కాదు, ఏడింటికి మాట్లాడతా" అనండి. ఎవరూ వింతగా చూడరు. చెప్పిన సమయానికి పది నిమిషాలు మాత్రం దానికి కేటాయించాలి. ఇలా వాయిదా వేయగలిగిన ప్రతిసారీ పగ్గం ఎవరి చేతిలో ఉందో మీకే తెలుస్తుంది.

నమ్మకాలను పరీక్షించడం ఆ తర్వాతి దశ. ఉదాహరణకు ఒకాయనకు "నేను బజారుకెళ్తే అందరూ నన్నే చూసి చెప్పుకుంటారు" అని నూటికి 90 పాళ్లు నమ్మకం ఉందనుకోండి. "అదంతా భ్రమ" అని సైకాలజిస్టు అనడు. "పది నిమిషాలు నిలబడితే ఇరవై మంది వెళ్తారనుకుందాం. అందులో ఎందరు ఆగి చూస్తారని మీ అంచనా?" అని అడుగుతాడు. "పదిహేను" అని కాగితం మీద పడుతుంది. ఇద్దరూ కలిసి నాలుగుకాళ్ల మండపం దగ్గర టీ బంకు పక్కన నిలబడి లెక్కపెడతారు. నలుగురే చూశారనుకుందాం. నమ్మకం 90 నుంచి 75కు దిగితే ఆ రోజు గెలిచినట్టే. ఇందులో ఒక మెలిక ఉంది. టోపీ కళ్ల మీదికి లాక్కుని, తల దించుకుని, గోడకు ఆనుకుని నిలబడితే జనం నిజంగానే చూస్తారు. కాబట్టి ఆ జాగ్రత్తల్లో ముందు ఒకదాన్ని వదిలిపెట్టి, పరీక్ష మళ్లీ చేస్తారు. ఒకేసారి అన్నీ వదలమనకూడదు.

ఎక్కడెక్కడ తేడా కొడుతుందో కూడా తెలిసి ఉండాలి. చీటీ రాయడం మొదలుపెట్టిన కొత్తలో గొంతు మీదే ధ్యాస ఉండి అది పెరిగినట్టు అనిపించొచ్చు. అప్పుడు రోజంతా రాయకుండా సాయంత్రం రెండు పద్దులే రాయండి. ఈ జబ్బులో జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గుతాయి. కాబట్టి సెషన్‌లో తేలిన ముఖ్యమైన మాట ఒక్కటి అట్టముక్క మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. సైకాలజిస్టు ఇంటి దగ్గర చేయమన్న అభ్యాసం చేయలేకపోతే అది సోమరితనం కాదు, పని పెద్దదైందన్నమాట. సగం చేయమనండి. సైకాలజిస్టు మీదే అనుమానం వస్తే అదీ ఆయన మొహం మీదే చెప్పొచ్చు. ఆ పరిశీలన కూడా చికిత్సలో భాగమే. చిన్ననాటి గాయాల గురించి మొదటి వారమే గుచ్చి గుచ్చి అడిగినా, మందులు మానేయమన్నా అక్కడ ఆగి మీ డాక్టరుతో మాట్లాడండి.

అన్నిటికన్నా ఎక్కువగా చికిత్సను పాడుచేసేది "గొంతు ఆగాలి" అన్న ఒకే ఒక్క లక్ష్యం. ఎనిమిదో వారానికి ఆగలేదని మానేస్తారు. మొదటి రోజే ఇంకో లక్ష్యం రాసుకోండి, కంటికి కనిపించేది. వారానికి రెండు సాయంత్రాలు మీ అన్న షాపులో కూర్చోవడం లాంటిది. గొంతు 7 నుంచి 6కే తగ్గినా షాపుకు వెళ్లగలుగుతుంటే చికిత్స నడుస్తున్నట్టు.

మీరు చెప్పిన సంగతులు గోప్యంగా ఉంటాయి, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే మాత్రం దాచరు. గొంతు "దూకు", "కొట్టు" అని ఆదేశిస్తుంటే తర్వాతి సెషన్ దాకా ఆగకుండా అదే రోజు ఇంట్లోవాళ్లకు, డాక్టరుకు చెప్పండి. రాత్రివేళైనా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: హిప్నాటిజంతో గొంతులు పోగొడతామని ఒకచోట బోర్డు చూశాను. చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: వద్దు. గొంతులు, భ్రమలు ఉన్నవారికి హిప్నాటిజం మేలు చేస్తుందనడానికి ఆధారం లేదు, కొందరిలో భ్రమలు ముదిరే అవకాశం ఉంది. ఆ డబ్బు రక్తపరీక్షలకు పెట్టండి.

ప్రశ్న: అన్నంలో నేను విషం కలుపుతున్నానని మా ఆయన అనుమానం. మూడు మందులు మారాయి. అనుమానం పోలేదు. నేను ఒట్టేసి చెప్పినా, ఏడ్చినా నమ్మరు. ఆయనతో ఎలా మాట్లాడాలి?
– ఒక ఇల్లాలు, పుంగనూరు

జవాబు: అమ్మా, అంత మాట రోజూ పడుతూ ఆయనకు అన్నం పెడుతున్నారు. ముందుగా, ఒట్లు మానేయండి. మీరు ఎంత గట్టిగా రుజువు చేయబోతే ఆయన అంత గట్టిగా అనుమానాన్ని పట్టుకుంటారు. అలాగని "అవును, కలిపాను" అని విసుగులో కూడా అనొద్దు. వాదించకుండా, ఒప్పుకోకుండా ఆయన భయంతో మాట్లాడాలి: "మీకు భయంగా ఉందని తెలుస్తోందండీ. నేనేమీ కలపలేదు. ఇప్పుడు ఏం చేస్తే మీరు రెండు ముద్దలు తినగలరు?" మెల్లగా, ఒక్కసారే చెప్పి ఆగండి.

ఒకే గిన్నెలోంచి అందరూ వడ్డించుకోండి, ఆయన్నే వడ్డించమనండి. భయం మరీ ఎక్కువగా ఉన్న పూట అరటిపండు, ఉడికించిన గుడ్డు లాంటివి ఆయనే ఒలుచుకుని తినొచ్చు. మీరు ముందు రుచి చూసి పెట్టడం మాత్రం శాశ్వతం చేయకండి. రుచి చూసినప్పుడల్లా "చూడకపోతే ప్రమాదమే" అన్న నమ్మకం ఆయనలో పెరుగుతుంది. సైకాలజిస్టు సాయంతో రోజుకు మూడుసార్లు ఉన్నదాన్ని రెండుకు, ఒకటికి తగ్గించుకుంటూ రావాలి.

ఇంకొకటి బతిమాలి చెబుతున్నాం. మాత్ర పొడి చేసి ఆయనకు తెలియకుండా సాంబారులోనో కాఫీలోనో కలపొద్దు. చాలా ఇళ్లలో ప్రేమతోనే చేస్తారు. కానీ మీ విషయంలో, బయటపడిన రోజున ఆయన అనుమానం నిజమైపోతుంది. ఆ తర్వాత ఏ సైకాలజిస్టూ ఆయన్ను ఒప్పించలేరు. మాత్రలు మింగకపోతే డాక్టరుకు చెప్పండి, ఇంజెక్షన్ దారి ఉంది.

ఇంట్లో మాట తీరుకూ జబ్బు తిరగబెట్టడానికీ ఉన్న సంబంధాన్ని లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం 1950ల చివరి నుంచీ పరిశీలించింది. ఎత్తిపొడుపులు, కోపం, అతి జోక్యం ఎక్కువగా ఉన్న ఇళ్లకు తిరిగి వెళ్లినవారికి జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అక్కడ వారానికి 35 గంటలకు మించి ముఖాముఖి గడిపితే ముప్పు ఇంకా పెరిగింది. 1987లో అచ్చయిన చండీగఢ్ పరిశీలనలో మన కుటుంబాల్లో ఆ ఎత్తిపొడుపులు లండన్ కన్నా తక్కువని తేలింది. మన ఇళ్లకున్న ఆ బలాన్ని నిలుపుకోవాలి. "ఎప్పుడూ పడుకునే ఉంటారు" అనే బదులు "పదింటికి లేచి నాతో కాఫీ తాగండి" అనండి. రోజులో కాసేపు మీరు ఆయనకు దూరంగా గడపండి, అది మీ ఇద్దరికీ మందే. కుటుంబ చికిత్స అని అడిగితే, మూడు నెలల నుంచి ఏడాది లోపు కనీసం 10 సెషన్లు ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారు.

ఆయన కోపంగా కత్తో కర్రో అందుకుంటే మాటలతో నచ్చజెప్పే సమయం కాదది. పిల్లలను తీసుకుని బయటికి వచ్చి 112కు ఫోన్ చేయండి.

ప్రశ్న: పత్రికల్లో మానసిక చికిత్సల గురించి గొప్పగా రాస్తుంటారు. మందులకు లొంగని వారి మీదే చేసిన పరిశోధనలు ఏం చెబుతున్నాయి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.
– ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మాస్టారూ, చెప్పుకోవలసినవి రెండు. 2000లో బ్రిటన్ నుంచి వచ్చిన పరిశీలనలో, మందులు వాడినా లక్షణాలు పోని 90 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు సీబీటీ. రెండో జట్టుతో అంతే సమయం అభిరుచులు, ఆటలు, తాజా వార్తల వంటి మామూలు కబుర్లు. జబ్బు ఊసెత్తకుండా స్నేహంగా మాట్లాడటమే ఆ రెండో చికిత్స. తొమ్మిది నెలల తర్వాత రెండు జట్లూ మెరుగుపడ్డాయి, పెద్ద తేడా లేదు. ఇంకో తొమ్మిది నెలలకు చూస్తే సీబీటీ జట్టు మెరుగుదల నిలిచింది, కబుర్ల జట్టుది జారిపోయింది.

రెండోది 2018లో వచ్చింది. క్లోజపిన్ కూడా పనిచేయని, లేదా పడని 487 మంది మీద చేశారు. తొమ్మిది నెలల సీబీటీ ముగిసేసరికి కొద్దిపాటి మేలు కనిపించింది. 21 నెలలకు ఆ తేడా మిగల్లేదు. కాబట్టి క్లోజపిన్ కూడా పనిచేయని ప్రతి ఒక్కరికీ ఇది తప్పక ఫలిస్తుందని మేము అనం. ఆ పరిశోధకులూ అనలేదు.

మా అభిప్రాయం అడిగితే, ఇవన్నీ సగటు లెక్కలు, అదీ లక్షణాలన్నిటినీ కూడిన మార్కుల మీద. మన ఎదురుగా ఉన్న ఒక్క మనిషికి 20 సెషన్ల గట్టి ప్రయత్నం చేసి, మొదటి రోజు రాసుకున్న లక్ష్యంతో పోల్చి చూసి, సాగించాలో ఆపాలో తేల్చుకోవడం న్యాయం. చికిత్స ముగిశాక నెలకోసారైనా కలుస్తూ ఉండటం మంచిదని కూడా ఆ జారుడు చూస్తే మాకనిపిస్తుంది.

మన దేశంలో జరిగినదీ ఒకటుంది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలోని సతారాలో 282 మందితో చేసిన పరిశీలన 2014లో అచ్చయింది. ఇది మందులకు లొంగనివారికే పరిమితం కాదు. స్థానికంగా శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇంటికి వెళ్లి మాట్లాడుతూ, డాక్టరుతో కలిసి పనిచేస్తే లక్షణాలు, వైకల్యం కొంత ఎక్కువగా తగ్గాయి. తమిళనాడులో ఈ పని చూసింది 1984లో డాక్టర్ శారదా మీనన్ చెన్నైలో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ. మనకు దగ్గరే. మన పల్లెలకు ఈ నమూనా బాగా కుదురుతుందని మా గట్టి నమ్మకం.

ప్రశ్న: అక్కకు గాలి సోకిందని, షోళింగర్ కొండకు తీసుకెళ్లి కొన్నాళ్లు అక్కడే ఉంచుదామని అమ్మమ్మ పట్టుబడుతోంది. డాక్టరేమో మందులు ఆపొద్దంటారు. ఎవరి మాట వినాలి?
– ఒక చెల్లెలు, నగరి

జవాబు: ఇద్దరి మాటా వినొచ్చు. నరసింహస్వామి దర్శనానికి వెళ్లండి, మాత్రలు వెంట తీసుకెళ్లి వేళకు వేయండి. అన్నం నీళ్లు మానే కఠిన ఉపవాసాలు వద్దు. నిద్ర కాచే మొక్కులు అసలే వద్దు, నిద్ర చెడితే గొంతులు రెట్టిస్తాయి. మంచి సైకాలజిస్టు ఎవరూ మీ అక్క భక్తిని వెక్కిరించరు. "స్వామి నిన్ను కాపాడతాడని నమ్ముతావు కదా, మరి ఈ గొంతు ఆయన కన్నా బలమైనదా?" అని ఆ నమ్మకాన్నే ఆసరా చేసుకుంటారు.

కొట్టడం, వేపమండలతో బాదడం, కట్టేయడం మాత్రం ఎక్కడైనా, ఎవరు చెప్పినా వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుని 28 మంది ప్రాణాలు పోయాయి. 2017 చట్టం 95వ సెక్షన్ ప్రకారం మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడం నిషేధం. అమ్మమ్మకు ఏర్వాడి సంగతి చెప్పండి. పెద్దావిడ అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: మా ఊళ్లో కౌన్సెలర్ల బోర్డులు చాలా ఉన్నాయి. ఈ చికిత్స తెలిసినవాళ్లెవరో ఎలా తెలుసుకోవాలి? మేము ఎక్కడికి వెళ్లాలి?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఫిల్ లాంటి శిక్షణ, భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా అని అడగండి. అడిగితే నొచ్చుకునేవారి దగ్గరకు వెళ్లొద్దు. రిజిస్ట్రేషన్ ఉన్నా అందరూ ఈ జబ్బు మీద పనిచేసి ఉండరు. "గొంతులు వినిపించే వారితో పనిచేశారా? ఎన్ని సెషన్లు అనుకుంటున్నారు? మా డాక్టరుతో మాట్లాడతారా?" అనే మూడు ప్రశ్నలు వేయండి. "ఐదు సిట్టింగుల్లో నయం చేస్తా" అంటే లేచి వచ్చేయండి. చికిత్స మీ అబ్బాయి మాట్లాడే తెలుగులోనే జరగాలి. గొంతు తెలుగులో తిడుతుంటే ఆ తిట్టు బరువు ఇంగ్లీషులో తేలదు.

తిరుపతిలో రుయా ఆస్పత్రి మనోరోగ విభాగం ఓపీలో మొదలుపెట్టవచ్చు. చిత్తూరు జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉందో ముందే కనుక్కుని వెళ్లండి. చిత్తూరు నుంచి వెల్లూరు దగ్గరే. అక్కడ బాగాయంలోని సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంట్లోవాళ్లు కూడా ఉండి నేర్చుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ప్రతి వారం ప్రయాణం కుదరకపోతే మొదటి రెండు మూడుసార్లు ముఖాముఖి కలిసి, తర్వాత మధ్య మధ్య వీడియో కాల్‌లో మాట్లాడుకునేలా అడగండి. ఫోను కెమెరా అంటేనే అనుమానపడే వారికి మాత్రం ఇది సరిపడదు.

సైకాలజిస్టు దొరికేదాకా చేతులు ముడుచుకోవద్దు. చిత్తూరు మాస్టారికి ఇచ్చిన జవాబులో చెప్పిన కబుర్ల జట్టును గుర్తుపెట్టుకోండి. వారానికి రెండుసార్లు అరగంట, అబ్బాయికి నచ్చిన మేనమామో స్నేహితుడో వచ్చి జబ్బు ఊసు, పెళ్లి ఊసు, ఉద్యోగం ఊసు లేకుండా కూర్చోవాలి. మామిడి కాపు గురించో, మ్యాచ్ గురించో మాట్లాడితే చాలు. ఏమీ మాట్లాడకుండా క్యారమ్స్ ఆడినా సరే. వచ్చేవాళ్లు ఒక్కరే, అదే రోజు, అదే వేళకు రావాలి. ఎప్పుడో ఒకసారి పదిమంది కలిసి వచ్చి పరామర్శిస్తే అబ్బాయి గదిలోంచి బయటికి రాడు.

మొదటిసారి వెళ్లేటప్పుడు మందుల గళ్ల కాగితం, చివరి రక్తపరీక్ష రిపోర్టు, రెండు వారాల నిద్ర వేళలు రాసి తీసుకెళ్లండి. వైకల్య ధ్రువపత్రం ఉంటే అదీ పెట్టుకోండి, లేకపోతే 40 శాతం లేదా అంతకు మించిన మానసిక వైకల్యానికి ఇచ్చే పత్రం గురించి అక్కడే అడగండి. లోపలికి ముందు అబ్బాయిని ఒక్కడినే పంపండి. మీరు చెప్పదలుచుకున్నది కాగితం మీద రాసి ఇచ్చి, పిలిచినప్పుడు వెళ్లండి.